మీ ప్రశ్న – మా జవాబు: పేటలో ఒక ఫ్లోర్‌బాల్ క్లబ్బు

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఏడాదిన్నర పాటు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉన్నప్పుడు సహోద్యోగులతో కలిసి ఫ్లోర్‌బాల్ ఆడడం అలవాటైంది. వచ్చేటప్పుడు నాలుగు స్టిక్కులు, డజను బంతులు తెచ్చుకున్నాను. ఇక్కడ ఆరేడుగురు మిత్రులు ఆడతామంటున్నారు. క్లబ్బు పెట్టాలంటే ముందు సొసైటీ రిజిస్టర్ చేయించాలా, పెద్ద హాలు వెతకాలా, సామాను కొనాలా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. ఫ్లోర్‌బాల్ 1970లలో స్వీడన్‌లో రూపు దిద్దుకున్న ఇండోర్ ఆట. హాకీకి దాయాది వంటిది. 1986లో స్వీడన్, ఫిన్లాండ్, స్విట్జర్లాండ్ కలిసి దీనికి అంతర్జాతీయ సమాఖ్యను ఏర్పాటు చేసుకోగా, 2011లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దానిని గుర్తించింది. నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు గల మైదానం చుట్టూ 50 సెంటీమీటర్ల ఎత్తున పలకలు నిలబెట్టి, జట్టుకు ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపర్ చొప్పున ఆడతారు. బంతి ప్లాస్టిక్‌ది, దానికి 26 రంధ్రాలుంటాయి, బరువు 23 గ్రాములు మాత్రమే.

ఇక మీ సంగతి. మీరు అడిగిన మూడూ అవసరమే కానీ, మూడింటికన్నా ముందు కావలసింది వారంలో ఒక రోజు, ఒక గంట, ఒక చోటు. ఆదివారం ఉదయం ఆరు గంటలని ఒకసారి చెప్పిన తరువాత వాన వచ్చినా, నలుగురే వచ్చినా ఆ గంట మారకూడదు. "ఈ వారం ఎప్పుడు, ఎక్కడ" అని ప్రతి శుక్రవారం గ్రూపులో చర్చ మొదలయ్యే క్లబ్బు రెండో నెల దాటడం నేను చూడలేదు.

పెద్ద హాలు గురించి ఇప్పుడే ఆలోచించకండి. యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కర్‌రెడ్డి స్టేడియం వంటి ఇండోర్ ప్రాంగణాలు మన నగరంలో ఉన్న మాట నిజమే. హ్యాండ్‌బాల్ కోర్టు కొలత కూడా సరిగ్గా 40×20 మీటర్లే కనుక, ఆ గీతలున్న చోట మీరు కొత్తగా కొలవవలసిన పని కూడా ఉండదు. అయితే ఆరేడుగురితో అంత మైదానంలో దిగితే పావుగంటలో ఊపిరి, నెలలో డబ్బు అయిపోతాయి. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉండే బాస్కెట్‌బాల్ కోర్టు మీద, గోల్‌కీపర్ లేకుండా, 90 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు గల చిన్న గోల్ చట్రాలు పెట్టుకుని, ముగ్గురికి ముగ్గురు చొప్పున ఆడండి. మొదటిసారి వచ్చినవాడి స్టిక్కుకు ఆ గంటలో బంతి ఎన్నిసార్లు తగిలిందన్న దాన్ని బట్టే అతడు రెండోసారి వస్తాడా రాడా అనేది తేలుతుంది. ఐదుగురి ఆటలో కొత్తవాడు పరుగెత్తి పరుగెత్తి ఇంటికి పోతాడు. ముగ్గురి ఆటలో తప్పించుకుందామన్నా బంతి అతడిని వదలదు.

చోటు విషయంలో ఒక హెచ్చరిక. వీధికొకటి వెలసిన బాక్స్ క్రికెట్ టర్ఫులు సులువుగా దొరుకుతాయి కానీ, ఇంత తేలికపాటి బంతి ఆ కృత్రిమ గడ్డిలో సరిగా దొర్లదు. బ్యాడ్మింటన్ సింథటిక్ మ్యాట్ల యజమానులు స్టిక్కులను చూడగానే గీతలు పడతాయని అభ్యంతరం చెప్పవచ్చు. నునుపైన సిమెంటు నేల చాలు. స్టిక్కు కింది కొసన బంతిని తాకే బ్లేడు కొంచెం త్వరగా అరుగుతుంది, దానిని విడిగా మార్చుకోవచ్చు. అపార్ట్‌మెంటు సెల్లార్ అనే ఆలోచన అందరికీ వస్తుంది, కానీ అక్కడి స్తంభాలు ఏ డిఫెండరూ ఆడనంత మొండిగా ఆడతాయి. నాకు నచ్చిన ఉపాయం ఇంకొకటి ఉంది. బయటి కోర్టులు వానకు తడిసే ఆషాఢంలోనే ముహూర్తాలు లేక ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటాయి. ఉదయం పూట రెండు గంటలకు ఏమి తీసుకుంటారో హాలు మేనేజరును అడిగి చూడడంలో నష్టం లేదు. పాలిష్ రాయి మీద దుమ్ముంటే జారుతుంది కనుక, ముందు తుడిపించి, పూర్తిగా ఆరిన తరువాతే ఆడాలన్నది మాత్రం మరవకండి. పలకల బదులు బెంచీలను పక్కకు పడుకోబెడితే సరిపోతుంది.

స్టిక్కులు క్లబ్బు సొత్తుగా పన్నెండు ఉంటే చాలు. నిలబెట్టినప్పుడు పై కొన బొడ్డు దగ్గరికి రావాలన్నది సాధారణ కొలత. బ్లేడు వంపు వల్ల కుడి స్టిక్కు, ఎడమ స్టిక్కు వేరువేరుగా ఉంటాయి. స్వీడన్‌లో ఎడమ చేయి కింద పెట్టి ఆడేవారే ఎక్కువ కనుక మీరు తెచ్చినవి కూడా ఎడమ స్టిక్కులే అయి ఉండవచ్చు. కానీ గల్లీ క్రికెట్‌లో కుడిచేతి బ్యాటింగ్ చేస్తూ పెరిగినవాడి కుడి చేయి దానంతటదే కిందికి పోతుంది. అందుచేత ఆర్డరు పెట్టే ముందు ప్రతి ఒక్కరి చేతికి చీపురుకట్ట ఇచ్చి నేల ఊడ్వమనండి. నవ్వులాటగా ఉంటుంది కానీ, ఎవరికి ఏ వైపు స్టిక్కు కావాలో తెలిసిపోతుంది.

డబ్బు సంగతి. చోటుకు గంటకు 800 రూపాయలు అనుకుందాం. నాలుగు ఆదివారాలకు 3,200. పన్నెండు మంది ఉంటే తలా 270 లోపే. దీనిని నెల మొదట్లోనే వసూలు చేయాలి. వచ్చినవారి మధ్య అప్పటికప్పుడు పంచితే, వాన కురిసిన రోజు ఆరుగురే వచ్చి తలా 133 ఇస్తారు, రాని ఆరుగురికీ ఏమీ పడదు. అంటే వచ్చినవాడికి జరిమానా, మానేసినవాడికి లాభం.

రిజిస్ట్రేషన్‌కు తొందర లేదు. ఒకరి సొంత ఖాతాలో ఉంచడానికి మొహమాటపడేంత డబ్బు పోగైనప్పుడో, ఏదైనా పాఠశాలో ప్రభుత్వ స్టేడియమో కాగితం అడిగినప్పుడో చేయించవచ్చు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి కావాలి. అఫిలియేషన్ పేరుతో ఎవరైనా రుసుము అడిగితే, మన దేశం తరఫున ప్రస్తుతం ఏ సంస్థకు గుర్తింపు ఉందో అంతర్జాతీయ సమాఖ్య వెబ్‌సైటులో చూసుకున్న తరువాతే చెల్లించండి. ఒకే ఆటకు రెండు సంఘాలు, రెండు లెటర్‌హెడ్లు మన దగ్గర కొత్త విషయం కాదు.

ప్రశ్న: నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఎనిమిదో తరగతి బాలబాలికలకు ఈ ఆట నేర్పాలని ఉంది. కర్రలతో ఆట అనగానే తల్లిదండ్రులు భయపడుతున్నారు.
– ఒక పాఠకురాలు, సరూర్‌నగర్

జవాబు: టీచర్ గారూ, వారి భయంలో కొంత న్యాయం ఉంది. బంతి తేలికే అయినా కంటికి తగిలితే ప్రమాదమే. ఫిన్లాండ్‌లో పిల్లల పోటీలలో రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి చేశారు. మీరూ మొదటి రోజు నుంచే పెట్టించండి. కొనలేకపోతే తరగతికి ఆడేవారి సంఖ్య తగ్గించండి గానీ అద్దాలు మానకండి. ఎవరి స్టిక్కూ నడుము ఎత్తు దాటకూడదని, ఎదుటివారి స్టిక్కును కొట్టకూడదని, ఎత్తకూడదని గట్టిగా అమలు చేయండి. ఇవి పాటిస్తే బాలురు, బాలికలు కలిసి ఆడడానికి ఇబ్బంది ఉండదు. మీ పాఠశాలలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఉంటే వారినీ చేర్చుకోండి; 2017లో ఆస్ట్రియాలో జరిగిన స్పెషల్ ఒలింపిక్స్ శీతాకాల క్రీడలలో ఫ్లోర్‌బాల్ కూడా ఉంది.

ప్రశ్న: మా క్లబ్బుకు రెండేళ్లు. సభ్యులు ఇరవై ఆరుగురయ్యారు. ఎనిమిది మంది పోటీలకు సిద్ధం కావాలంటారు, మిగతావారు సరదాగా ఆడితే చాలంటారు. బుకింగ్, వసూళ్లు, సామాను అన్నీ నేనే చూస్తున్నాను. విసుగు పుడుతోంది.
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఇరవై ఆరుగురికి ఒక్క గంట సరిపోదు, మీ తగాదాలో సగం అభిప్రాయభేదం కాదు, చోటు చాలకపోవడమే. వారం మధ్యలో సాధనకు రెండో గంట తీసుకోండి. దాని ఖర్చు ఆ ఎనిమిది మందే భరించాలి. అయితే నెలకు కనీసం రెండు ఆదివారాలు వారు అందరితో కలిసి ఆడాలని, కొత్తవారికి నేర్పాలని నియమం పెట్టండి. ఇది లేకపోతే ఆరు నెలల్లో అది వేరే క్లబ్బు అయిపోతుంది.

ఆదివారం ఆటలో ఐదుగురేసి బృందాలుగా విడగొట్టండి. ఈ ఆటలో ఆట ఆగకుండానే, ఎన్నిసార్లైనా ఆటగాళ్లను మార్చవచ్చు. బృందం నిమిషానికొకసారి మారేటట్టు చూసి, ప్రతి బృందంలో బలమైనవారు ఇద్దరు, కొత్తవారు ఇద్దరు ఉండేటట్టు మీరే పేర్లు రాయండి. ఎవరి ఇష్టానికి వారిని వదిలేస్తే ఆ ఎనిమిది మందీ ఒకే వైపు చేరతారు.

మీ విసుగు గురించి: పనిని నాలుగు ముక్కలు చేయండి. చోటు బుకింగ్ ఒకరికి, డబ్బు లెక్క ఒకరికి, సామాను ఒకరికి అప్పగించి, కొత్తవారిని పలకరించే పని మాత్రం మీరు ఉంచుకోండి. సాధారణంగా ఎవరూ పట్టించుకోనిది అదే. ఆటకు కొత్తగా వచ్చిన ఒకతను గేటు దగ్గర అయోమయంగా నిలబడి, పది నిమిషాలు చూసి, బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను. డబ్బు లెక్క నెలకొకసారి గ్రూపులో అందరికీ కనబడేలా పెట్టించండి, పైసా తేడా లేకపోయినా సరే. స్టిక్కుల సంచిని ఈ వారమే మీ ఇంటి నుంచి కదిలించి, కోర్టుకు దగ్గరగా ఉండే సభ్యుడి ఇంట్లో పెట్టించండి. తరువాత ఒక ఆదివారం ఏదైనా పెళ్లికి ఊరు వెళ్లండి, మీరు లేకుండా ఆట సాగిందో లేదో తిరిగి వచ్చాక అడగండి.