పిట్యూటరీ కాడ దెబ్బతింటే: థైరాయిడ్ మాత్ర కంటే ముందు కార్టిసాల్ చూడాలి

తలకు బలమైన దెబ్బ తగిలాక మీ తమ్ముడికి ఎమ్మారైలో పిట్యూటరీ కాడ (మెదడులోని హైపోథాలమస్‌ని దాని కిందుండే పిట్యూటరీ గ్రంథితో కలిపేది) తెగినట్టు వచ్చిందనీ, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) నార్మల్, ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్) తక్కువ, ప్రొలాక్టిన్ (పాలు పట్టించే పిట్యూటరీ హార్మోన్) 60 ఉందనీ రాశారు. మనిషి బాగా నీరసంగా ఉన్నాడు, థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) మొదలుపెట్టొచ్చా అని అడిగారు.

ఉదయం 8 గంటల కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే, బీపీని నిలబెట్టే హార్మోన్) చూడకుండా మాత్రం వద్దండి. థైరాక్సిన్ పడితే ఒంట్లో మిగిలిన కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోతుంది. అప్పుడు వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. కార్టిసాల్ డెసిలీటరుకి 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే లోపం ఉన్నట్టే, 15 దాటితే దాదాపు లేనట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ (అడ్రినల్ గ్రంథుల్ని పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) ఇంజెక్షన్ ఇచ్చి చేసే పరీక్ష కావాలి. దెబ్బ తగిలిన మొదటి కొన్ని వారాల్లో ఈ పరీక్ష నార్మల్‌గా వచ్చినా నమ్మకూడదు. పైనుంచి ఏసీటీహెచ్ రాకపోయినా అడ్రినల్ గ్రంథులు అప్పటికింకా కుంచించుకుపోవు, అందుకే ఇంజెక్షన్‌కి బాగానే స్పందిస్తాయి. లోపం తేలితే ముందు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ బదులు ఇచ్చే మందు) మొదలవ్వాలి, థైరాక్సిన్ ఆ తర్వాతే. హైడ్రోకార్టిసోన్ పెద్దవాళ్లకి మామూలుగా రోజుకి 15–20 మి.గ్రా., రెండు మూడు విడతలుగా ఇస్తారు. పెద్ద మోతాదు నిద్ర లేవగానే వేసుకోవాలి.

ప్రొలాక్టిన్ ఎందుకు పెరిగిందంటే, మిగతా హార్మోన్లు హైపోథాలమస్ పంపే సంకేతాలతో విడుదలవుతాయి, దీన్ని మాత్రం అది డోపమైన్‌తో అణచి ఉంచుతుంది. ఆ డోపమైన్ కాడలోని రక్తనాళాల గుండానే రావాలి. దారి తెగేసరికి మిగతావి తగ్గి ఇదొక్కటే పెరిగింది. ఇలాంటి పెరుగుదల సాధారణంగా మిల్లీలీటరుకి 100 నానోగ్రాముల లోపే ఉంటుంది, కాబట్టి 60 చూసి గడ్డ అనుకోనక్కర్లేదు. వాంతులకి డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ లాంటివి వాడుతుంటే అవి కూడా ప్రొలాక్టిన్‌ని పెంచుతాయి, డాక్టరుకి ఆ మాట చెప్పండి.

టీఎస్‌హెచ్‌ని ఇక పక్కన పెట్టేయండి. లోపం థైరాయిడ్‌లో కాక పైన కాడలోనో పిట్యూటరీలోనో ఉన్నప్పుడు అది నార్మల్‌గా కనిపించడం మామూలే. థైరాక్సిన్ మోతాదు సరిపోతోందా లేదా అన్నది ఫ్రీ టీ4 చెప్పాలి, అది నార్మల్ పరిధిలో పై సగంలో ఉండాలి. ముందు ముందు ఎవరైనా టీఎస్‌హెచ్ తక్కువగా ఉందని మాత్ర తగ్గించబోతే, కాడ దెబ్బతిన్న సంగతి గుర్తుచేయండి. ఈ పొరపాటు చాలా తరచుగా జరుగుతుంది.

మీరు రాయనిది మూత్రం సంగతి. ఒంట్లో నీటిని నిలిపే వాసోప్రెసిన్ కూడా ఈ కాడలోని నరాల గుండానే దిగుతుంది. 24 గంటల మూత్రం మొత్తం కొలిచి రాసిపెట్టండి. 3 లీటర్లు దాటి, నీళ్లలా తెల్లగా పోతూ, రాత్రుళ్లు దాహంతో లేస్తుంటే డయాబెటిస్ ఇన్సిపిడస్ (వాసోప్రెసిన్ లోపంతో మూత్రం అతిగా పోయే జబ్బు, షుగర్ జబ్బు కాదు) అని అనుమానించాలి. ఇప్పుడు మూత్రం మామూలుగా ఉన్నా నిశ్చింతగా ఉండొద్దు, కార్టిసాల్ తక్కువగా ఉన్నప్పుడు కిడ్నీలు నీటిని సరిగ్గా వదల్లేవు, అందువల్ల ఈ జబ్బు బయటపడదు. హైడ్రోకార్టిసోన్ మొదలయ్యాక ఒక్కసారిగా లీటర్లకొద్దీ పోవడం మొదలవ్వొచ్చు. అది మందు పడకపోవడం కాదు, దాగి ఉన్నది బయటికొచ్చింది. హైడ్రోకార్టిసోన్ ఆపకుండా ఆ రోజే సోడియం పరీక్ష చేయించండి.

ఈ జబ్బుకి వాసోప్రెసిన్ బదులు పనిచేసే మందు డెస్మోప్రెసిన్ ఇస్తే అసలు భయం సోడియం పడిపోవడం గురించే. మందు పనిచేస్తున్నంతసేపు అలవాటు కొద్దీ నీళ్లు తాగకూడదు, దాహం వేస్తేనే తాగాలి. తలనొప్పి, వికారం, మాట తడబడటం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. చాలామంది డాక్టర్లు వారానికోసారి డోసు ఆలస్యం చేసి, మూత్రం ధారాళంగా పోయాకే వేసుకోమంటారు. ఒంట్లో చేరిన అదనపు నీరు అలా బయటికి పోతుంది. తలకు దెబ్బ తగిలాక దాహమే తెలియని వాళ్లూ ఉంటారు. వాళ్లకి ఈ పద్ధతులు పనికిరావు, రోజూ బరువు చూసి నీళ్లు కొలిచి ఇవ్వాలి.

గ్రోత్ హార్మోన్, టెస్టోస్టెరాన్ పరీక్షలకి తొందరేమీ లేదు. దెబ్బ తగిలాక కొన్ని హార్మోన్లు నెలల్లో తిరిగి రావచ్చు, ఏడాది నాటికి అన్నీ మళ్లీ చూస్తారు.

హైడ్రోకార్టిసోన్ వాడుతుండగా జ్వరం వస్తే మోతాదు రెట్టింపు, జ్వరం ఎక్కువైతే మూడింతలు చేయాలి. మాత్ర వేసుకున్న అరగంటలోపు వాంతి అయితే ఇంకొకటి వేయండి. అదీ నిలవకపోతే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. తొడ కండరంలోకి ఇచ్చి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ వయల్, సిరంజి ఇంట్లో ఉంచుకోండి, పొడిని కలపడం నర్సు దగ్గర ముందే నేర్చుకోండి.