పదిహేనేళ్ల ఆడ బోవా: పిల్లలు తగ్గడానికి వయసే కారణమా?

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర మాకు గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్ల ఫారం ఉంది. దానితో పాటు పదిహేనేళ్ల ఆడ బోవా పామును (కొండచిలువలాంటి విదేశీ పాము) కూడా పెంచుతున్నాము. దానిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాము. ఆరో ఏట 24, తొమ్మిదో ఏట 27 పిల్లలను పెట్టింది. నిరుడు ఫిబ్రవరిలో మా మగ పామును పది రోజులు తోడు ఉంచితే, జులై చివరలో 7 బతికిన పిల్లలు, 3 చచ్చిన పిల్లలు, 12 పసుపు ముద్దలు పడ్డాయి. మునుపు ఆరున్నర కిలోలు తూగేది, ఇప్పుడు తొమ్మిది కిలోలు ఉంది. వారానికొక చిన్న కోడిని వేస్తున్నాము. కోళ్ల షెడ్డు పక్కన రేకుల గదిలో ఉంచుతున్నాము. దీనికి వయసు మీరినట్టేనా? ఈ చలికాలం శంషాబాద్‌లోని స్నేహితుడి మగ పామును తెచ్చి మళ్లీ జత కలపవచ్చా?
– కోళ్ల రైతు, మొయినాబాద్

జవాబు: ముందుగా ఆ పన్నెండు పసుపు ముద్దల సంగతి చూద్దాం. మీరు వాటిని లెక్కలోంచి తీసేసి, ఇరవై ఏడు ఏడుకు పడిపోయిందని దిగులు పడుతున్నారు. కానీ మైనంలా గట్టిపడిన ఆ ముద్దలు కూడా అండాశయం నుంచి విడుదలైన అండాలే. బతికినవి 7, చచ్చినవి 3, ముద్దలు 12 కలిపితే మొత్తం 22 అండాలు. ఆరో ఏట 24 ఇచ్చిన పాము పద్నాలుగో ఏట 22 అండాలు విడుదల చేసిందంటే, దాని అండాశయం వట్టిపోయిందని చెప్పడానికి వీలు లేదు. తేడా వచ్చింది అండాల సంఖ్యలో కాదు, ఆ తరువాతి దశల్లో.

లేయర్ కోడిని 72 నుంచి 80 వారాలకు మార్చేసే అలవాటు ఉన్నవారికి ప్రతి జీవికీ అలాంటి గడువు ఒకటి ఉంటుందని అనిపించడం సహజమే. పాముల్లో అటువంటి గీత లేదు. మనుషుల్లో మాదిరిగా ఒక వయసుకు అండాలు పూర్తిగా ఆగిపోవడం వాటిలో కనబడదు. పదిహేనేళ్లు దాటాక కూడా పిల్లలు పెట్టిన ఆడ బోవాలు ఉన్నాయి. బోవాలు పెంపకంలో సాధారణంగా ఇరవై నుంచి ముప్పై ఏళ్లు బతుకుతాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో 1977లో చనిపోయిన ఒక బోవా 40 ఏళ్ల 3 నెలలు దాటి బతికింది. ఆ లెక్కన మీ పాము నడివయసులో ఉన్నట్టు. అయితే వయసు ప్రభావం అసలే లేదని కాదు: పిల్లలను బయటకు నెట్టే కండరాల బలం తగ్గుతుంది, ఒక ఈత తరువాత కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది, ఒంట్లో కొవ్వు చేరితే ఈ రెండు ఇబ్బందులూ పెరుగుతాయి.

ఇక నిరుటి ఈతలో ఏమి జరిగి ఉంటుందో చూద్దాం. ముద్దల్లో చాలావరకు మగ బీజం అందని అండాలై ఉంటాయి, కొన్ని మాత్రం మొదట్లోనే చచ్చిన పిండాలు కావచ్చు. ఇకముందు అలాంటి ముద్ద పడితే బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. లోపల ఎర్రటి నరాల జాడ గానీ చిన్న చుట్ట గానీ కనబడితే అది ఫలదీకరణ చెందినదే. మన దగ్గర బోవాలను నవంబరు నుంచి, రాత్రులు చల్లబడే రోజుల్లో జత కలపడం మంచిది. మీరు ఫిబ్రవరిలో, అదీ పది రోజులే మగదాన్ని ఉంచారు. ఆ పది రోజుల్లో సరిగా కలిసిందో లేదో ఎవరు చూశారు? మగదాని వయసు, బరువు కూడా మీరు రాయలేదు. గేదెల గురించి వచ్చే ఉత్తరాల్లోనూ ఇదే తీరు. చూడి నిలవలేదని రెండు పేజీలు రాస్తారు, దున్నపోతు ఊసే ఉండదు.

పూర్తిగా ఎదిగి చచ్చిన ఆ మూడు పిల్లల విషయం వేరు. బోవా కొండచిలువలా గుడ్లు పెట్టి పొదగదు, పిల్లలను కడుపులోనే మోస్తుంది. అండం విడుదలైన రెండు మూడు వారాలకు ఒకసారి కుబుసం విడుస్తుంది; అక్కడి నుంచి సుమారు 105 రోజులకు, కొంచెం అటూ ఇటూగా, ఈనుతుంది. జులై చివరి నుంచి వెనక్కి లెక్కిస్తే మీ పాము ఏప్రిల్ మధ్యలో ఆ కుబుసం విడిచి ఉండాలి. అంటే పిండాలు రూపు కట్టే కాలమంతా మే నెల ఎండల్లో, రేకుల కింద గడిచింది. చూడి పాముకు వెచ్చగా ఉండే మూల 31, 32 డిగ్రీలు చాలు. పెట్టె మొత్తం 35 దాటితే పిండాలకు ముప్పు. కోళ్ల షెడ్డుకు గోనె పట్టాలు కట్టి, పైన స్ప్రింక్లర్లు పెట్టి, మధ్యాహ్నం నీటి తుంపరలు చిమ్మే ఫాగర్లు నడిపే మీరు పక్క గదిలోని పామును మరిచిపోయారనే నా అనుమానం.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆ తొమ్మిది కిలోల బరువు. దాణా తూచే కాటా మీద గుడ్డసంచిలో వేసి మరోసారి తూచండి. తరువాత చేయి తడిమి చూడండి: ఆరోగ్యంగా ఉన్న బోవా వెన్నెముక వేలికి లీలగా తగులుతుంది, పక్కలు కొంచెం పలకగా ఉంటాయి, కొవ్వు పట్టిన పాము పీపాలా గుండ్రంగా ఉంటుంది, మెలి తిరిగినప్పుడు చర్మం మడతలు పడి, పొలుసుల మధ్య తెల్లటి చర్మం బయటపడుతుంది, మలద్వారం దాటగానే తోక ఒక్కసారిగా సన్నబడినట్టు కనిపిస్తుంది. ఇలాంటి పాము చూడి కడితే పిల్ల అడ్డం పడే ప్రమాదం ఎక్కువ. వారానికొక కోడి ఎదిగే పాముకు సరిపోవచ్చు గానీ, ఎదుగుదల దాదాపు ఆగిన పాముకు చాలా ఎక్కువ. మూడు నాలుగు వారాలకు ఒక పెద్ద ఎలుక ఇస్తే చాలు. అలాగని ఒక్కసారిగా మేత మాన్పించవద్దు, కాలేయం దెబ్బతింటుంది; ఏడాది, ఏడాదిన్నరలో ఏడు కిలోల దగ్గరకు మెల్లగా దిగాలి.

కాబట్టి ఈ చలికాలం జత కలపవద్దు. శంషాబాద్ పామును తేవడం అసలే వద్దు. పాములకు సోకే రెప్టరీనా వైరస్‌ల వల్ల వచ్చే ఇన్‌క్లూజన్ బాడీ జబ్బు బోవాలలో పైకి ఏ లక్షణమూ లేకుండా చాలాకాలం దాగి ఉండగలదు, తల్లి నుంచి పిల్లలకూ సోకుతుంది, దానికి మందు లేదు. ఎప్పుడైనా బయటి పామును తేవలసి వస్తే, పరీక్ష చేయించి కనీసం మూడు నెలలు వేరే గదిలో, వేరే నీళ్ల గిన్నెతో ఉంచిన తరువాతే దగ్గరకు చేర్చాలి.

మరొక మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ, దాని కింద 2024లో వచ్చిన నియమాల ప్రకారం తల్లి పాము నమోదు ఒక్కటే సరిపోదు. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చచ్చినా తెలియజేయాలి. నిరుడు పుట్టిన ఏడు పిల్లల వివరాలు ఇచ్చి ఉండకపోతే వెంటనే అటవీ శాఖ వన్యప్రాణి విభాగాన్ని సంప్రదించండి.

వచ్చే ఏడాది అక్టోబరులో పామును స్కానింగ్ చేయించండి. మీకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల దూరం కాదు. పాములను చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. అండాశయం శుభ్రంగా ఉండి, బరువు దిగి ఉంటే నవంబరులో మీ మగ పామునే జత చేసి, అండం విడుదలయ్యాక విడిచే కుబుసం తేదీ రాసుకుని, మార్చి రాకముందే పెట్టెను ఇంటి లోపలి చల్లని గదికి మార్చండి. స్కానింగ్‌లో పాత ముద్దలు గానీ గడ్డలు గానీ కనబడితే జత కలిపే ఆలోచన అక్కడితో మానుకోండి. పాము మరెన్నో ఏళ్లు మీతో ఉంటుంది. అప్పుడు కూడా మేత మాత్రం మూడు నాలుగు వారాలకు ఒక ఎలుకే.