సినిమా నటి చెప్పే ఫిట్‌నెస్ మాట నల్లగొండ ఆడవాళ్ళకు పనికొస్తుందా?

సినిమాలు తగ్గించుకుని ఆరోగ్యం, వ్యాయామం గురించి మాట్లాడే సమంత లాంటి నటిని నమ్మొచ్చా, మన జిల్లాల్లో ఉండే ఆడవాళ్ళకు ఆ మాటలు పనికొస్తాయా అని అడిగారు. వ్యాయామం వరకు చాలావరకు నమ్మొచ్చు. మందులు, వైద్యం దగ్గరకొస్తే మాత్రం వద్దు. నేను నల్లగొండలో పీఈటీగా, అంటే బడిలో వ్యాయామం నేర్పే టీచరుగా పనిచేస్తున్నాను. బడి పని కాక పొద్దున్నే ఆడవాళ్ళ బ్యాచ్ ఒకటి చాలా ఏళ్ళుగా నడిపిస్తున్నాను. అక్కడ చూసిందే చెబుతాను.

ఇంతకుముందు మా బ్యాచ్‌కి వచ్చేవాళ్ళు అడిగేది ఒక్కటే, పొట్ట తగ్గాలి. డంబెల్ చేతికిస్తే భయపడేవాళ్ళు. బరువులెత్తితే గర్భసంచి జారుతుందని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు గట్టిగా చెబుతారు. ఆ భయం నేనెంత చెప్పినా పోలేదు. సమంత 2022 అక్టోబరులో తనకు మయోసైటిస్ ఉందని బయటపెట్టింది. కండరాలు వాచి, మెట్లెక్కడానికి, కూర్చుని లేవడానికి కూడా శక్తి లేకుండా చేసే జబ్బు అది. 2023లో సినిమాలకు విరామం ఇచ్చింది, 2024లో ఆరోగ్యం మీద పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. ఆమె బరువులెత్తే వీడియోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఆ వీడియో వాళ్ళ అత్తకు చూపించి, "గంత జబ్బు పడ్డామె ఎత్తుతుంది అత్తమ్మా, నేనెత్తితే ఏమైతది?" అని అడిగిందట. కొన్నాళ్ళకు ఆ అత్త కూడా కోడలి వెంట రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇద్దరూ పక్కపక్కనే ఇసుక నింపిన సీసాలు ఎత్తుతారు. ఇన్నేళ్ళు నేను చెప్పినా పోని భయాన్ని ఒక నటి వీడియో పోగొట్టింది. అందుకు ఆమెకు మనస్ఫూర్తిగా దండం పెడతాను. గర్భసంచి ఇప్పటికే జారినవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగాకే బరువు ముట్టుకోవాలి.

ఇలా దారి మార్చిన నటి సమంత ఒక్కతే కాదు. అమెరికాలో జేన్ ఫోండాకు రెండు ఆస్కార్లు వచ్చాయి. 1970ల చివర్లో షూటింగ్‌లో పాదం విరిగి, అలవాటైన బ్యాలే చేయలేక ఏరోబిక్స్ నేర్చుకుంది. 1982లో ఆమె వ్యాయామం వీడియో క్యాసెట్ వచ్చాక, జిమ్ముకు వెళ్ళలేని ఆడవాళ్ళు ఇంట్లోనే టీవీ ముందు చేయడం మొదలుపెట్టారు. పెద్ద వయసులో తుంటి కీలు మార్పిడి అయ్యాక కూడా వృద్ధుల కోసం వేరే వీడియోలు చేసింది. అన్నేళ్ళు ఒక పని మీద నిలబడిన మనిషి మాటను నేను గౌరవిస్తాను.

ఇక వైద్యం సంగతి. 2024 జులైలో సమంత వైరల్ ఇన్ఫెక్షన్లకు హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే రసాయనాన్ని నెబులైజర్‌తో (మందును ఆవిరిలా మార్చే యంత్రంతో) పీల్చవచ్చని పోస్టు పెట్టింది. అది ఊపిరితిత్తులకు ప్రమాదమని డాక్టర్లు గట్టిగా తప్పుపట్టారు. తనకు ఒక డాక్టరే చెప్పారని, మంచి ఉద్దేశంతోనే పంచుకున్నానని ఆమె వివరణ ఇచ్చింది. ఆమె ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ ఇక్కడ ఏ ఇంట్లోనో పిల్లాడికి దగ్గొచ్చి, ఆ పోస్టు చూసి తల్లి అదే చేస్తే ఎవరు దిక్కు?

అసలు చెప్పాల్సింది మన ఒళ్ళ గురించి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు మా బ్యాచ్‌లో చాలామంది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బోర్లలో అంతకు మించి ఉండేది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు పడిందంటే ఇక్కడి బాధ ఎంతో అర్థం చేసుకోండి. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళొచ్చాయి, కానీ ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ అంత తేలిగ్గా పోదు. అందుకే కొత్తగా ఎవరొచ్చినా ముందు నేల మీద రూపాయి బిళ్ళ పెట్టి, మోకాళ్ళు వంచకుండా తీయమంటాను. గడ్డం ఛాతీకి ఆనించమంటాను. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనక పట్టుకోమంటాను. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి ఒళ్ళు బిగుసుకుపోయే జబ్బు, అనుమానం ఉంటే చేసే పరీక్షలే ఇవి.

మర్రిగూడ నుంచి కూతురి దగ్గరకొచ్చిన ఒక పెద్దమ్మ ఆ బిళ్ళ కోసం వంగితే వేళ్ళు మోకాళ్ళకు జానెడు కిందే ఆగిపోయాయి. మెడ వంచమంటే తలతో పాటు భుజాలు కూడా ముందుకొచ్చాయి. "ఇంతకంటే వంగదు బిడ్డా, మా ఊళ్ళె అందరికీ గింతే" అంది. ఆమె కూడా ఫోన్‌లో హీరోయిన్ స్క్వాట్లు (గుంజీల్లా కూర్చుని లేవడం) చూసే వచ్చింది. అవి చేయించకుండా ముందు ఎముకల డాక్టర్ దగ్గరకు పంపించాను. ఫ్లోరైడ్ చేరిన ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తుంది కానీ పెళుసుగా ఉంటుంది. డాక్టర్ సరేనన్నాక ఎత్తు కుర్చీలోంచి మెల్లగా లేవడం, గోడకు చేతులానించి నెట్టడం చేయిస్తున్నాను. ఈమధ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆటో ఎక్కానని సంబరంగా చెప్పింది. నటి పక్కన ట్రైనర్ ఉంటాడు, ఫిజియో ఉంటాడు, ఫోన్ చేస్తే పలికే డాక్టర్ ఉంటాడు. వీడియోలో మనకు కనిపించేది ఆమె ఒక్కతే.

తిండి విషయంలోనూ అంతే. ప్రొటీన్ పౌడర్ కొనాలా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో అలాంటి పౌడర్లు వద్దనే చెప్పింది. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల ప్రొటీన్ చాలు. ఒక గుడ్డులో 6 గ్రాములుంటుంది, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాములు. పాలమూరు పల్లీలు, కందిపప్పు, జొన్నరొట్టె మన ఇళ్ళల్లో ఉన్నవే.

మీరు మొదలుపెట్టాలనుకుంటే వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువులు పెట్టుకోండి. బీపీ, షుగరు ముందే చూపించుకోండి. చిన్నప్పుడు ఏ ఊరి నీళ్ళు తాగారో డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. నడుము, మెడ బిగుసుకుపోయి ఉంటే ఎక్స్‌రే చూశాకే స్క్వాట్ల జోలికి వెళ్ళండి.