జెంటూకి ఓ2 సరిపోతుందా, ఓఫాస్ట్ పెట్టాలా?

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో జెంటూ లినక్స్ వాడుతున్నాను. ఎలాగూ అన్నీ సోర్స్ నుంచే కంపైల్ అవుతున్నాయి కదా అని, వేగం కోసం కంపైలర్‌కి సూచనలిచ్చే సీఫ్లాగ్స్‌లో ఓఫాస్ట్, అన్‌రోల్-లూప్స్, ఎల్‌టీఓ అన్నీ కలిపి పెట్టాను. ఇప్పుడు కొన్ని ప్యాకేజీలు బిల్డ్ కావడం లేదు, బిల్డ్ అయినవి కొన్ని ఉన్నట్టుండి క్రాష్ అవుతున్నాయి. ఒక్కోసారి కంపైలర్ జీసీసీయే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అంటూ మధ్యలో ఆగిపోతోంది. ఏం పెడితే సిస్టమ్ నిలకడగా ఉంటుంది?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు ఓఫాస్ట్ తీసేయండి, మిగతావి తర్వాత చూద్దాం. ఓ2, ఓ3 అనేవి ప్రోగ్రాంని ఎంత వేగవంతం చేయాలో కంపైలర్‌కి చెప్పే మెట్లు. ఓ3 కంటే ఇంకో మెట్టు పైన ఉండేదే ఓఫాస్ట్ అని చాలామంది అనుకుంటారు గానీ, అది ఓ3కి, లెక్కల నియమాల్ని సడలించే ఫాస్ట్-మ్యాత్‌ను తగిలిస్తుంది, అసలు గొడవంతా దానితోనే. సున్నాని సున్నాతో భాగిస్తే 'నాన్' వస్తుంది, అంటే ఇది సంఖ్య కాదని గుర్తు. ప్రోగ్రాం రాసినవాళ్లు అలాంటిది వస్తే పట్టుకోవడానికి ఈజ్‌నాన్ అని ఒక చెక్ పెట్టి ఉంటారు. ఫాస్ట్-మ్యాత్ పెట్టారంటే, నాన్ ఎప్పటికీ రాదని కంపైలర్‌కి మీరే మాట ఇచ్చినట్టు. అది మీ మాట నమ్మి ఆ చెక్‌నే ఎత్తేస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాకపోవచ్చు, తప్పుడు లెక్క మాత్రం అలా ముందుకెళ్లిపోతుంది. జీసీసీ 13 కంటే పాత వెర్షన్లలో ఇంకా ఘోరం: ఫాస్ట్-మ్యాత్‌తో లింక్ చేసిన ఒక్క లైబ్రరీ లోడైతే చాలు, దాన్ని వాడుకునే ప్రోగ్రాం కూడా మరీ చిన్న దశాంశ సంఖ్యల్ని సున్నాలుగా చూడటం మొదలుపెట్టేది. అందుకే దీన్ని మొత్తం సిస్టమ్‌కి పెట్టొద్దని ఇంత గట్టిగా చెబుతున్నా.

జెంటూ సెట్టింగ్స్ ఫైలు మేక్.కాన్ఫ్‌లో ఉండాల్సింది ఇంతే:

కామన్_ఫ్లాగ్స్="-ఎమ్ఆర్క్=నేటివ్ -ఓ2 -పైప్"

ఓ2 అంటే వెనకబడిపోవడం కాదు. జీసీసీ 12 నుంచి ఓ2లోనే వెక్టరైజేషన్ (ఒకే ఆదేశంతో చాలా లెక్కలు ఒకేసారి చేయడం) కూడా కొంతవరకు జరుగుతోంది. ఓ3తో సిస్టమ్ విరిగిపోతుందని నేను అనను, కానీ కోడ్ సైజు పెరుగుతుంది, ప్రాసెసర్ క్యాష్‌లో తక్కువ పడుతుంది, కంపైల్‌కి ఎక్కువసేపు పడుతుంది, మీరు రోజూ వాడే బ్రౌజర్‌లోనో టెర్మినల్‌లోనో ఆ తేడా కంటికి కనిపించదు. గంటలకొద్దీ లెక్కలు చేసే ప్యాకేజీ ఏదైనా ఉంటే దానికొక్కదానికే ఓ3 ఇవ్వండి: /ఈటీసీ/పోర్టేజ్/ఎన్వ్ కింద చిన్న ఫైలు పెట్టి అందులో ఓ3 రాసి, ఆ ఫైలు పేరుని ప్యాకేజ్.ఎన్వ్‌లో ఆ ప్యాకేజీ పక్కన రాస్తే సరిపోతుంది. ముందూ తర్వాతా ఒకే పనికి ఎంతసేపు పట్టిందో కొలవండి, తేడా లేకపోతే తీసేయండి. వీడియో ఎన్‌కోడర్ ఎక్స్264 మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అందులో బరువైన భాగాలన్నీ ముందే చేత్తో అసెంబ్లీలో రాసినవే.

అన్‌రోల్-లూప్స్ తీసేయండి. ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు చేసే ఆప్టిమైజేషన్) చెడ్డది కాదు, ఫైళ్లన్నిటినీ కలిపి ఒకేసారి చూస్తుంది కాబట్టి ప్యాకేజీల్లో ఎప్పటినుంచో దాక్కున్న తప్పులు దానితో బయటపడతాయి. సిస్టమ్ కుదుటపడ్డాక కావాలంటే పెట్టుకోండి, అప్పుడు ఓడీఆర్, ఎల్‌టీఓ-టైప్-మిస్‌మ్యాచ్, స్ట్రిక్ట్-ఏలియాసింగ్ వార్నింగులు మూడింటినీ ఎర్రర్లుగా మార్చే ఫ్లాగ్స్ కూడా జత చేయండి. తేడా ఉన్న ప్యాకేజీ బిల్డ్‌లోనే ఆగిపోతే మీకు టెన్షన్ తక్కువ.

ఇక జీసీసీ క్రాష్. ప్రతిసారీ అదే ఫైలు, అదే లైను దగ్గర ఆగితే కంపైలర్ బగ్ అయ్యుండొచ్చు. ఒక్కోసారి ఒక్కో చోట ఆగి, మళ్లీ మొదలుపెడితే దాటిపోతుంటే మాత్రం ఫ్లాగ్స్‌ని తిట్టి లాభం లేదు, ర్యామ్‌నో వేడినో ఓవర్‌క్లాక్‌నో అనుమానించాలి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడపండి. 'కిల్డ్' అని వస్తే అది వేరే సంగతి, మెమరీ చాలలేదన్నమాట. ఒక్కో జాబ్‌కి సుమారు 2 జీబీ చొప్పున లెక్కేసుకుని మేక్ఆప్ట్స్‌లో జే అంకె (ఒకేసారి ఎన్ని జాబ్‌లు నడవాలో చెప్పేది) తగ్గించండి.

ఫ్లాగ్స్ మార్చినంత మాత్రాన పాత బైనరీలు మారవు. ర్యామ్ బాగుందని తేలాకే ఎమర్జ్ -ఈ @వరల్డ్ కొట్టండి, పాడైన ర్యామ్ మీద మొత్తం తిరిగి కట్టడం అంత దండగ పని ఇంకోటి లేదు.

ప్రశ్న: ఇదే డిస్క్ తీసి పాత ల్యాప్‌టాప్‌లో పెడితే పనిచేస్తుందా?
- అదే పాఠకుడు

జవాబు: నేటివ్‌తో, అంటే ఈ మెషీన్ ప్రాసెసర్‌కే సరిపోయేలా, కట్టి ఉంటే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని ఆగిపోయే అవకాశమే ఎక్కువ, ఎందుకంటే కొత్త ప్రాసెసర్‌లో ఉన్న ఆదేశాలు పాతదానికి తెలియవు. డిస్క్ తీయకముందే, ఇప్పుడున్న మెషీన్‌లోనే నేటివ్ బదులు ఎక్స్86-64 (64-బిట్ పీసీలన్నిటికీ సరిపోయే రకం) అని పెట్టి, సీపీయూ_ఫ్లాగ్స్_ఎక్స్86 (ప్రాసెసర్‌కి తెలిసిన ప్రత్యేక ఆదేశాల జాబితా) కూడా పాత ల్యాప్‌టాప్‌కి సరిపోయేలా తగ్గించి, మొత్తం తిరిగి కట్టండి. అంత ఓపిక లేకపోతే జెంటూ వాళ్లే 2023 డిసెంబర్ నుంచి రెడీమేడ్ బైనరీ ప్యాకేజీలు ఇస్తున్నారు. వాటిలో ఎక్స్86-64-వీ3 రకం కూడా ఉంది గానీ, దానికి ఏవీఎక్స్2 అనే ఆదేశాలు ఉన్న ప్రాసెసర్ కావాలి, పాత ల్యాప్‌టాప్ అంటున్నారు కాబట్టి మామూలు ఎక్స్86-64 రకమే తీసుకోండి.