పాఠకుల ప్రశ్నలు: ఇంటి కంప్యూటర్లు, జట్టు పని

ఇంట్లో ఖాళీగా ఉండే కంప్యూటర్ శక్తిని ఇంటర్నెట్ ద్వారా శాస్త్ర పరిశోధనకు అందించే స్వచ్ఛంద పథకాల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం జట్ల గురించే ఉన్నాయి. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఈ మధ్యే నా కంప్యూటర్‌లో ఇలాంటి పథకాలను నడిపే బోయింక్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ పథకంలో చేరాను. జట్టులో చేరితే సభ్యుల కంప్యూటర్లన్నీ కలిసి ఒకే లెక్క చేస్తాయా? నాది పాత కంప్యూటర్. దానివల్ల మిగతావారి పని ఆలస్యమవుతుందేమోనని సంకోచిస్తున్నాను.
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఆ సంకోచం అక్కరలేదు. జట్టు అంటే సభ్యులు చేసిన పనికి వచ్చే పాయింట్లను ఒకే పేరు కింద కూడే ఏర్పాటు మాత్రమే. ఒక జట్టులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. పరిశోధకులు తమ దగ్గరున్న సమాచారాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి సర్వర్‌లో ఉంచుతారు. మీ కంప్యూటర్ అందులో ఒక భాగాన్ని తెచ్చుకుని, లెక్క పూర్తిచేసి, ఫలితాన్ని వెనక్కి పంపుతుంది. పక్క భాగం ఎవరికి వెళ్లిందో దానికి తెలియదు, తెలియవలసిన పనీ లేదు. 1999 మే నెలలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో మొదలైన, గ్రహాంతర జీవుల సంకేతాల కోసం వెతికే సెటి ఎట్ హోమ్ కూడా, ప్యూర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపు నమోదు చేసిన సంకేతాలను సుమారు 107 సెకన్ల నిడివి గల ముక్కలుగా కోసి, ఇలాగే లక్షల ఇళ్లకు పంచింది.

అయితే మీకు తెలియకుండానే మీరు మరొకరితో కలిసి పనిచేస్తున్న సందర్భం ఒకటుంది, నా దృష్టిలో అసలైన జట్టు పని అదే. చాలా పథకాలు ఒకే భాగాన్ని కనీసం ఇద్దరు వేర్వేరు వ్యక్తుల కంప్యూటర్లకు పంపి, రెండు ఫలితాలు సరిపోలితేనే వాటిని స్వీకరిస్తాయి. ఇద్దరు గుమస్తాలు ఒకే పద్దును విడివిడిగా కూడి చివర సరిచూసుకునే పద్ధతి వంటిది ఇది. ఇంటి కంప్యూటర్లలో మెమరీ చెడి ఉండవచ్చు, ప్రాసెసర్‌ను పరిమితికి మించిన వేగంతో నడుపుతూ ఉండవచ్చు, వేడి వల్ల ఒక అంకె తప్పి ఉండవచ్చు. వీటిలో ఏది జరిగినా దూరాన ఉన్న శాస్త్రజ్ఞునికి కంటితో చూసి పట్టుకునే వీలు లేదు కాబట్టి, రెండో కంప్యూటరే సాక్షి అవుతుంది. ఈ రెండో వ్యక్తిని పాతకాపులు వింగ్‌మన్ అంటారు.

మీరు చేరిన పథకంలోనే దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. 2010లో అరెసిబో సమాచారం నుంచి ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ ఒక కొత్త పల్సార్‌ను, అంటే వేగంగా తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే నక్షత్ర శేషాన్ని, కనుగొన్నది. సెకనుకు దాదాపు 41 సార్లు తిరిగే ఆ నక్షత్రాన్ని తొలుత పసిగట్టినవి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక దంపతుల కంప్యూటరు, జర్మనీలోని మైన్జ్ నగరంలో మరొకరి కంప్యూటరు. వారికి పరస్పరం పరిచయం లేదు, ఆ రెండు యంత్రాలకూ ఒకే భాగం వెళ్లిందన్న సంగతీ ముందుగా తెలియదు. అయినా ఆ ఆవిష్కరణ ఘనతను శాస్త్రజ్ఞులు ఇరువురికీ కలిపి ప్రకటించారు.

కాబట్టి మీ పాత కంప్యూటర్ నెమ్మదిగా పనిచేసినా ఇబ్బంది లేదు, తీసుకున్న పనిని గడువులోగా తిరిగి ఇవ్వకపోతేనే ఇబ్బంది. మీరు ఇవ్వకపోతే సర్వర్ గడువు ముగిసేదాకా చూసి, అదే భాగాన్ని మూడో వ్యక్తికి పంపవలసి వస్తుంది. అంతవరకు మీ వింగ్‌మన్ చేసిన పని కూడా నిరీక్షణలోనే ఉండిపోతుంది. ఫోల్డింగ్ ఎట్ హోమ్ వంటి పథకాలలో ఈ ఆలస్యం మరింత బాధిస్తుంది. అక్కడ ఒక ప్రోటీన్ అణువు కదలికను వరుసగా లెక్కిస్తూ పోతారు, ఒక మెట్టు ఫలితం చేతికి వస్తేనే తరువాతి మెట్టు మొదలవుతుంది. అందుకే వారు త్వరగా తిరిగి ఇచ్చినవారికి అదనపు పాయింట్లు ఇచ్చే ఏర్పాటు చేశారు. మీరు చేయవలసింది ఒక్కటే: బోయింక్‌లో ముందుగా నిల్వ ఉంచుకునే పనిని ఒక రోజుకు మించకుండా పెట్టుకోండి. పాత కంప్యూటర్‌కు అది చాలు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన గణిత ఉపాధ్యాయుణ్ణి. మా మనవడు ఈ పనిలో చేరి, రోజూ జట్ల పాయింట్ల పట్టిక చూసుకుంటూ గడుపుతున్నాడు. విజ్ఞానం కోసం చేసే పనిలో ఈ పోటీ ఎందుకు? ఇది అసలు ఉద్దేశాన్ని పాడుచేయదా?
– ఒక ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ సందేహంలో న్యాయం ఉంది, ఎందుకంటే పాయింట్ల మోజు ఒకప్పుడు నిజంగానే పనిని పాడుచేసింది. సెటి ఎట్ హోమ్ తొలి సంవత్సరాలలో ఎన్ని భాగాలు పూర్తిచేశారన్న సంఖ్యే పట్టికకు ఆధారం. ఆ సంఖ్యను పెంచుకోవడానికి కొందరు ప్రోగ్రామును మార్చి, లెక్క చేయకుండానే ఫలితాలు పంపారు. ఆ అనుభవం నుంచి బర్క్‌లీ శాస్త్రజ్ఞుడు డేవిడ్ ఆండర్సన్ బృందం 2002లో బోయింక్ నిర్మాణాన్ని మొదలుపెట్టింది. అందులో పాయింటును పనికి కాక, సరిచూసిన పనికి ఇస్తారు. ఒకే భాగాన్ని ఇద్దరికి పంపే పథకాలలో, ఇద్దరి ఫలితాలు సరిపోలే వరకు ఎవరి ఖాతాలోనూ ఏమీ పడదు. సెకనుకు వంద కోట్ల దశాంశ లెక్కలు చేయగల యంత్రం ఒక రోజంతా పనిచేస్తే 200 పాయింట్లు అన్నది దీని మూల కొలత. ఆ కొలతకు సెటి బృందంలోని జెఫ్ కాబ్ పేరు మీదుగా కాబుల్‌స్టోన్ అని పేరు పెట్టారు.

కనుక ఇప్పుడు ఒకే పథకంలో పాయింట్లు ఎక్కువ ఉన్న జట్టు పరిశోధనకు ఎక్కువ నికరమైన పని చేసిందనే అర్థం. పోటీ వల్ల మేలు కూడా కళ్లకు కనిపిస్తుంది. సెటి.జర్మనీ అనే జట్టు 2010 నుంచి నిర్వహిస్తున్న బోయింక్ పెంటాథ్లాన్‌లో ప్రపంచంలోని పెద్ద జట్లు అయిదు పథకాలలో పోటీపడతాయి. ఆ రోజులలో ఎన్నడూ వెలుగు చూడని చిన్న పథకాలకు కూడా కుప్పలుగా ఫలితాలు చేరతాయి.

నాకు నచ్చని అలవాటు ఒకటి మాత్రం అక్కడే పుట్టింది. పోటీ మొదలయ్యే ముందే పని పూర్తిచేసి, ఫలితాలను పంపకుండా దాచి, మొదటి రోజున ఒక్కసారిగా కుమ్మరించడాన్ని బంకరింగ్ అంటారు. పోటీ నియమాలు దీన్ని అడ్డుకోకపోవచ్చు, అనుభవజ్ఞులు దీన్ని ఒక వ్యూహంగా గౌరవించనూవచ్చు. కానీ దాచిన ప్రతి ఫలితం వెనుక, తన పని ఎప్పుడో ముగించి ఎదురుచూస్తున్న ఒక అపరిచితుడు ఉంటాడు, ఆ వెనుక పరిశోధకుడు ఉంటాడు. పైగా వందల కంప్యూటర్లు ఒకే గంటలో ఫలితాలు పంపినప్పుడు, ఒకరిద్దరితో నడిచే చిన్న పథకాల సర్వర్లు తట్టుకోలేక నిలిచిపోయే ప్రమాదం ఉంది. మీ మనవడిని పట్టిక చూడవద్దని అనకండి. తన పేరు పక్కన ఉన్న అంకెతోపాటు, తన ఫలితాలలో ఎన్ని సరైనవిగా తేలాయి, ఎన్ని తప్పాయి, ఎన్ని గడువు దాటాయి అన్నది కూడా చూడమనండి. చాలా బోయింక్ పథకాలలో సభ్యుని ఖాతాలో ఆ వివరాలు ఉంటాయి. గణితం చెప్పిన మీరు పక్కన కూర్చుని ఆ నిష్పత్తులను అతనితో లెక్కవేయిస్తే ఇంకా మంచిది.

ప్రశ్న: కళాశాల నాటి స్నేహితులం ఇప్పుడు విశాఖపట్నం, డల్లాస్, సింగపూర్‌లలో ఉంటున్నాం. మేమంతా కలిసి ఒక జట్టు పెట్టాలనుకుంటున్నాం. ఏ విషయాలలో జాగ్రత్త పడాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: జట్టు పెట్టడం సులభం. పథకంలో సభ్యులైన ఎవరైనా కొత్త జట్టును నమోదు చేయవచ్చు, వారే దాని వ్యవస్థాపకులు అవుతారు. కష్టం ఆ తరువాతనే. బోయింక్‌లో ప్రతి పథకానికీ సభ్యత్వాలు విడివిడిగా ఉంటాయి కాబట్టి, ఒక పథకంలో జట్టు పెట్టినంత మాత్రాన మరో పథకంలో అది ఉండదు. అన్నిటి లెక్కలనూ కలిపి చూపే గణాంకాల వేదికలు జట్లను పేరును బట్టి గుర్తిస్తాయి. కనుక అక్షరం, ఖాళీ, చుక్కతో సహా అన్నిచోట్లా ఒకే పేరు ఉంచండి. సభ్యులు కూడా అన్ని పథకాలలో ఒకే ఈమెయిల్ వాడాలి, లేకపోతే ఒకే మనిషి పట్టికలలో ఇద్దరుగా కనిపిస్తాడు. ఫోల్డింగ్ ఎట్ హోమ్ బోయింక్‌లో భాగం కాదు. అక్కడ జట్టుకు ఒక సంఖ్య ఇస్తారు, ప్రతి సభ్యుడూ ఆ సంఖ్యను తన ప్రోగ్రాములో నింపాలి. పాస్‌కీ అనే గుర్తింపు సంకేతాన్ని కూడా తీసుకుని పెట్టుకోకపోతే, త్వరగా చేసినందుకు వచ్చే అదనపు పాయింట్లు రావు.

ఒక సభ్యుడు జట్టు మారితే, అప్పటివరకు జట్టుకు చేరిన పాయింట్లు జట్టులోనే ఉండిపోతాయి, అతని సొంత లెక్క అతనితో వెళుతుంది. ఇది ముందే అందరికీ చెప్పి ఉంచితే తరువాత మనస్పర్థలు రావు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఒక్కొక్కరు ఒక్కో పథకానికి చెదిరిపోకుండా తొలి ఏడాది ఒకే పథకాన్ని ఎంచుకోవడం. అందరిదీ ఒకే పథకమైతే, ఒకరి కంప్యూటర్‌లో వరుసగా తప్పులు వస్తుంటే మరొకరు తమ అనుభవంతో కారణం చెప్పగలరు. డ్రైవర్ ప్రోగ్రాము పాతబడిందా, మెమరీ చెడిందా, ఫ్యాన్‌కు దుమ్ము పట్టిందా అన్నది కొత్తవారికి ఒంటరిగా తేల్చుకోవడం కష్టం. ఈ పనిలో మొదటి నెలలోనే మానేసేవారిలో చాలామంది ఆసక్తి తగ్గి మానరు. తెర మీద కనిపించిన తప్పు సందేశానికి అర్థం చెప్పేవారు లేక మానేస్తారు. మీ జట్టులో ఒకరు ఆ బాధ్యత తీసుకోండి. విశాఖపట్నంలో తెల్లవారే వేళకు డల్లాస్‌లో సాయంత్రం అవుతుంది కాబట్టి, అటువంటివారు చెరొక వైపున ఒకరు ఉంటే ఇంకా మేలు.

ప్రశ్న: మా అబ్బాయి రాత్రంతా కంప్యూటర్ నడుపుతున్నాడు. కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? యంత్రం పాడవదా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ఈ పని వల్ల కంప్యూటర్ అదనంగా 100 వాట్లు తీసుకుంటుందనుకుంటే, పది గంటలకు ఒక యూనిట్, నెలకు 30 యూనిట్లు అవుతుంది. గ్రాఫిక్స్ కార్డును కూడా వాడితే దీనికి రెండు మూడింతలు కావచ్చు. వాడకం పెరిగే కొద్దీ యూనిట్ ధర కూడా పెరిగే స్లాబు పద్ధతి మనకు ఉంది కనుక, ఆ 30 యూనిట్లు మిమ్మల్ని పై స్లాబులోకి నెడతాయేమో పాత బిల్లు తీసి చూడండి. ప్రాసెసర్‌లోని కోర్లలో సగమే వాడాలని బోయింక్‌లో పెట్టవచ్చు, దానితో వేడీ ఖర్చూ తగ్గుతాయి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు పని ఆపే సదుపాయం ఉంది, దాన్ని తప్పక ఉపయోగించండి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో పగటిపూట ఈ పని ఆపివేయడమే మంచిది. పని మధ్యలో ఎక్కడిదాకా వచ్చిందో ప్రోగ్రాము ఎప్పటికప్పుడు నమోదు చేసుకుంటుంది కాబట్టి ఆపినందువల్ల పెద్దగా నష్టం ఉండదు. జట్టు స్థానం కోసం ఇంటి బడ్జెట్‌ను ఇబ్బంది పెట్టమని ఏ మంచి జట్టూ అడగదు.

ప్రశ్న: మా కార్యాలయంలో రాత్రిపూట నలభై కంప్యూటర్లు ఖాళీగా ఉంటాయి. వాటిని మా జట్టు కోసం వాడవచ్చా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: యాజమాన్యం రాతపూర్వకంగా అనుమతిస్తేనే వాడాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక సాంకేతిక కళాశాల ఉద్యోగి 1999లో కళాశాల కంప్యూటర్లలో అనుమతి లేకుండా, ఇలాంటిదే అయిన డిస్ట్రిబ్యూటెడ్.నెట్ పథకం ప్రోగ్రామును పెట్టినందుకు క్రిమినల్ కేసును ఎదుర్కొన్నాడు. 2002లో అది ప్రొబేషన్, నష్టపరిహారం చెల్లింపులతో ముగిసింది. ఆ వ్యక్తి ఉద్దేశం మంచిదే కావచ్చు. అయినా విద్యుత్తు, నెట్‌వర్కు, యంత్రాలు సంస్థవే. అనుమతి అడిగేటప్పుడు ఖర్చు అంచనా కూడా కాగితం మీద చూపించండి.

ప్రశ్న: ఎన్నో ఏళ్లు సెటి ఎట్ హోమ్ జట్టులో ఉన్నాను. 2020లో ఆ పథకం ఆగిపోయాక నేనూ ఆపేశాను. మేము చేసిన పని వృథా అయిందా? ఆ జట్లు ఏమయ్యాయి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వృథా కాలేదు. 2020 మార్చి 31న పథకం కొత్త పనిని పంపడం మానేసింది. అప్పటికి కావలసినంత సమాచారం విశ్లేషించడం పూర్తయిందని, ఇకపై వచ్చిన ఫలితాలను వడపోసి శాస్త్ర పత్రాలుగా రాయడం మీద దృష్టి పెడతామని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అదే ఏడాది డిసెంబరు 1న అరెసిబో టెలిస్కోపు కూలిపోయింది కనుక, మీరు లెక్కించిన సంకేతాలను మళ్లీ అదే పరికరంతో నమోదు చేయడం ఇక సాధ్యం కాదు. ఆ విధంగా చూస్తే మీ పని విలువ పెరిగింది.

జట్లు చాలావరకు చెదరలేదు. ఆ నెలల్లోనే కరోనా వైరస్ ప్రోటీన్ల మీద పనిచేస్తున్న ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కు, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని రోసెట్టా ఎట్ హోమ్‌కు జట్లు జట్లుగా తరలివెళ్లాయి. వచ్చిన జనానికి పంచడానికి ఫోల్డింగ్ ఎట్ హోమ్ దగ్గర కొంతకాలం పనే చాలలేదు. సెటిని ఇష్టపడిన మీకు ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ నచ్చుతుందని అనుకుంటున్నాను, అక్కడ రేడియో టెలిస్కోపుల సమాచారంలోనూ వెతుకులాట సాగుతుంది. పాత ఈమెయిల్‌తోనే చేరండి, అప్పుడు గణాంకాల వేదికలలో మీ సెటి పాయింట్లూ కొత్తవీ ఒకే పేరు కింద కనిపించే అవకాశం ఉంది. మీ పాత జట్టు పేరును అక్కడ వెతికి చూడండి. జట్టు ఉంటే అందులో చేరండి, లేకపోతే అదే పేరుతో మీరే నమోదు చేయండి.