చేపల గురించి రాసే తమ్ముడికి

విశాఖపట్నం

తమ్ముడూ,

చేపల పరిణామం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, కానీ విషయం మొదటి పేరాలోనే తప్పింది. దవడల్లేని చేపలు సొరలయ్యాయనీ, సొరలు వంజరంలాంటి ముళ్ల (ఎముకల) చేపలయ్యాయనీ, అవి కప్పలయ్యాయనీ నిచ్చెన మెట్లలా పేర్చావు. వంశం అలా ఉండదు. సొర వంజరానికి తాత కాదు, దాయాది. ఇద్దరి తాత వేరే ఉన్నాడు.

సొరకి మృదులాస్థే ఉంది కాబట్టి అది పాతకాలపు చేప అన్న మాట కూడా తీసెయ్. మంగోలియాలో దొరికిన మింజీనియా అనే కవచపు చేప 41 కోట్ల ఏళ్ల నాటిది. దాని పుర్రె లోపల గట్టి ఎముక ఉందని 2020లో ప్రకటించారు. అంటే సొరల పూర్వీకులకి ఎముక ఉండి, తర్వాత పోయి ఉండొచ్చు. ఊపిరితిత్తులదీ ఇదే సంగతి. చేప నీళ్లలో తేలడానికి వాడే గాలితిత్తి, అంటే ఈతతిత్తి, మారి ఊపిరితిత్తి అయిందని డార్విన్ అనుకున్నాడు, నువ్వూ అదే రాశావు. జరిగింది తిరగేసి: ఊపిరితిత్తే ముందు, చాలా చేపల్లో తర్వాత అది ఈతతిత్తిగా మారింది.

పుస్తకం పక్కన పెట్టి ఒకరోజు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లు. తెల్లచందువ ఒకటి, నల్లచందువ ఒకటి కొను. పేరు ఒకటే, పళ్లెంలాంటి ఆకారం ఒకటే. పొట్టకింద రెక్కలు రెండింటికీ కనబడవు. ఇక్కడే చాలామంది బోల్తాపడి రెండూ ఒకే కుటుంబం అని రాసేస్తారు. రంగునీ నమ్మకు, ఐసులో పడ్డాక అది మారిపోతుంది. గుడ్డతో జిగురు తుడిచి, తోక మొదట్లో పక్కన బొటనవేలు ఆనించి చూడు. నల్లదానికి అక్కడ గట్టి పలకల వరస చిన్న గట్టులా తగులుతుంది. అది పార చేపల గుర్తు, నల్లచందువ వాటి కుటుంబమే. చిన్న చేపలో ఈ గట్టు సరిగ్గా తెలియదు, కాస్త పెద్దదే తీసుకో. తెల్లదానికి తోక మొదలు నున్నగా ఉంటుంది, మొప్పల చీలిక చిన్నది. నల్లచందువ పిల్లలకి పొట్ట రెక్కలుంటాయి, పెరిగాక పోతాయి. తెల్లదానికి ఏ వయసులోనూ ఉండవు. ఒకే లోటు, రెండు దారుల్లో వచ్చింది.

మరి తెల్లచందువకి చుట్టాలెవరు? జన్యువులు పోల్చి చూస్తే కానాగంత, వంజరం, రిబ్బనులా పొడుగ్గా ఉండే సావళ్లు, తెల్లచందువ ఒకే పెద్ద కొమ్మ మీద తేలాయి. 2013 నుంచి ఈ లెక్క బలపడింది. పళ్లెం, కదురు, పట్టీ: మూడు ఆకారాలు, ఒకే కొమ్మ. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, దీనికి రెండు పేరాలు ఇవ్వు.

కానాగంత పేరు దగ్గర కూడా ఆగు. పాట్రిక్ రస్సెల్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త మన విశాఖ చేపలు 200 సేకరించి, స్థానిక పేర్లతోనే వర్ణించి 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. అందులోని మన 'కనగుర్త' (అంటే కానాగంతే) మాటనే 1816లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త కువియే శాస్త్రీయ నామంలో పెట్టాడు. ఈనాటికీ అది రాస్ట్రెల్లిగర్ కనగుర్తా. కువియే పేరూ సంవత్సరమూ బ్రాకెట్లలో రాయాలి, ఎందుకంటే ఆయన పెట్టిన ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, నామంలో మొదటి మాట) తర్వాత మారింది. ప్రజాతి మారకపోతే బ్రాకెట్లు ఉండవు. ప్రతి పేరునీ చేపల శాస్త్రీయ నామాల జాబితా అయిన ఎష్‌మేయర్ కాటలాగ్‌లో సరిచూసుకో. కానాగంతకి వీపున రెండో రెక్క వెనక చిట్టిరెక్కలు 5, వంజరానికి 8 నుంచి 10. కానాగంత నోరు తెరిస్తే మొప్పల దువ్వెన పళ్లు ఈకల్లా కనబడతాయి, ప్లవకాన్ని (నీళ్లలో తేలే చిన్న జీవుల్ని) వడకట్టేది వాటితోనే. పాఠకుడు ఇంట్లోనే లెక్కపెట్టుకోగలడు, అలాంటివే రాయి.

అంకెల్లో ఒక పెద్ద పొరపాటు ఉంది. 375 మిలియన్లు అంటే 37.5 కోట్లు, నువ్వు 375 కోట్లు అన్నావు. ఆ కాలంలో సూక్ష్మజీవులు తప్ప ఏమీ లేవు. టిక్టాలిక్ అనే శిలాజ చేప వయసు 37.5 కోట్ల ఏళ్లు, దొరికింది 2004లో, కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో. మెడ ఉంది, రెక్క లోపల మణికట్టులాంటి ఎముకలున్నాయి. అయినా 'మన ముత్తాత' అనకు. పోలెండ్‌లో నాలుగు కాళ్ల జీవులవిగా భావిస్తున్న అడుగులు 39 కోట్ల ఏళ్ల నాటివి, అంటే టిక్టాలిక్ కంటే పాతవి. 'నాలుగు కాళ్ల జీవుల వంశానికి దగ్గరి చుట్టం' అను, సరిపోతుంది.

1938లో దక్షిణాఫ్రికాలో పట్టిన సీలకాంత్‌ని 'మారని చేప' అన్నావు, అదీ కొట్టెయ్. చెప్పాల్సింది వేరే: సీలకాంత్, ఊపిరితిత్తుల చేప వంజరం కంటే మనకే దగ్గర. అందుకే 'చేప' అన్నది బజారు మాటే గానీ వంశవృక్షంలో ఒక కొమ్మ కాదు. ఈ మాట వ్యాసం మధ్యలో, చందువల తర్వాత చెప్పు. ముందే చెబితే పాఠకుడికి దిక్కు తెలియదు. జెల్లీ చేప, నక్షత్ర చేప అని రాసినచోట జెల్లీ, సముద్ర నక్షత్రం అని మార్చు.

బొమ్మలో నిచ్చెన తీసేసి కొమ్మలు గియ్యి. ఈనాటి చేపలన్నీ కొమ్మల చివర, ఒకే ఎత్తులో ఉండాలి. అలా గీస్తే ఎవరూ ఎవరికీ తాత కాలేరు. రెండో ప్రతితో పాటు ఆ రెండు చందువల తోక మొదళ్లు దగ్గరగా ఫొటో తీసి పంపు, పక్కన స్కేలు పెట్టడం మర్చిపోకు.

ఆశీస్సులతో,
అన్నయ్య