ధాన్యం మరలో లేకున్నా డబ్ల్యుఐపీలో 13.6 క్వింటాళ్లు ఎందుకు కనిపిస్తోంది?

మండపేట దగ్గర రైస్ మిల్లు, స్టాకు, లెక్కలు రాసుకునే ఈఆర్‌పీనెక్స్ట్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. 75 కిలోల బస్తాలు 400 ఆరబెట్టి, 289.5 క్వింటాళ్లు మరకెక్కించారు. 168 క్వింటాళ్ల బియ్యానికి వర్క్ ఆర్డర్ (తయారీ ఆర్డర్) పెడితే 160 వచ్చింది. ఆర్డర్ ఇంకా ‘ఇన్ ప్రాసెస్’లోనే ఉంది, డబ్ల్యుఐపీ (వర్క్ ఇన్ ప్రోగ్రెస్, అంటే ఇంకా మరలో ఉన్న సరుకు) గోడౌన్‌లో 13.6 క్వింటాళ్ల ధాన్యం చూపిస్తోంది. అడిగింది ఇదే కదండీ.

ముందు ఆ 13.6 ఎక్కడిదో చూడండి. మీ బీవోఎంలో (బిల్ ఆఫ్ మెటీరియల్స్, దేనికి ఎంత పట్టి ఎంత వస్తుందో రాసే పట్టిక) 100 క్వింటాళ్ల ఎండు ధాన్యానికి 58 బియ్యం, 8 నూకలు, 7 తవుడు, 22 ఊక, 2 సార్టెక్స్ రిజెక్ట్ (రంగు మారిందని యంత్రం ఏరేసిన గింజ), 3 తాలూ దుమ్ముగా రాసి ఉంటారు. 160 క్వింటాళ్ల బియ్యం తేలిందని చెప్పగానే సాఫ్ట్‌వేర్ వెనక్కి లెక్కగట్టింది: 160ని 58తో భాగించి 100తో గుణిస్తే 275.9. అంతే ధాన్యం ఖర్చు రాసి, మిగతా 13.6ని డబ్ల్యుఐపీలోనే ఉంచేసింది. నూకలూ అలాగే 22 క్వింటాళ్లు రాసి ఉంటుంది. దాళ్వా ధాన్యం ఎండకు గింజ పగిలి ఎక్కువ నూకవుతుంది కాబట్టి, మీకు తగ్గిన ఆ 8 క్వింటాళ్ల బియ్యం చాలా మటుకు నూకల్లోకే పోయి ఉంటుంది. కాటా వేసి చూడండి, 30 దాటవచ్చు.

అసలు ఇబ్బంది ఎక్కడంటే, ఈ సాఫ్ట్‌వేర్లన్నీ నాలుగు దినుసులు కలిపి ఒక వస్తువు చేసేవాళ్ల కోసం రాసినవి. మిల్లుది తలకిందుల వ్యవహారం: ఒక్క ధాన్యం, అయిదారు సరుకులు. పైగా ఆర్డర్‌లో ఎంత తయారు చేస్తారని అడుగుతుంది, మనకు తెలిసేదేమో ఎంత ఆడిస్తామన్నదే. కాబట్టి బీవోఎం అంకెల్ని అంచనాగానే పెట్టుకుని, మానుఫాక్చర్ ఎంట్రీలో (ఎంత ఖర్చయి ఎంత తేలిందో రాసేది) ప్రతి వరుసా కాటా తూకంతో దిద్దుకోవాలి. మానుఫాక్చరింగ్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌ఫ్లష్‌ను (ధాన్యం ఖర్చును సాఫ్ట్‌వేర్ తనంతట తానే లెక్కగట్టే పద్ధతిని) బీవోఎం నుంచి ‘మెటీరియల్ ట్రాన్స్‌ఫర్డ్ ఫర్ మానుఫాక్చర్’కు మార్చమని చాలామంది చెబుతారు. మార్చండి, మంచిదే. కానీ ఆర్డర్ కన్నా తక్కువ తేలినప్పుడు అదీ నిష్పత్తినే లాగుతుంది, కనుక చేత్తో దిద్దడం తప్పదు.

క్రమం ఇలా పెట్టుకోండి. వర్క్ ఆర్డర్ సబ్మిట్ చేశాక 289.5 క్వింటాళ్లను డబ్ల్యుఐపీకి ట్రాన్స్‌ఫర్ చేయండి. మర ఆగాక మానుఫాక్చర్ ఎంట్రీ తెరిచి, బియ్యం 160, ధాన్యం 289.5, నూకలు, తవుడు, ఊక ఎంత తూగితే అంత వేసి సబ్మిట్ కొట్టండి. తర్వాత ఆర్డర్‌ను క్లోజ్ చేయండి, లేకపోతే రాని 8 క్వింటాళ్ల కోసం అది ఎదురుచూస్తూనే ఉంటుంది. సార్వాలో దీనికి వ్యతిరేకం: 172 తేలితే 168కి మించిందని ఎంట్రీని తీసుకోదు. అందుకే ‘ఓవర్‌ప్రొడక్షన్ పర్సంటేజ్ ఫర్ వర్క్ ఆర్డర్’లో 5 పెట్టి ఉంచండి.

ఎండబెట్టడాన్ని వర్క్ ఆర్డర్‌లో కలపకండి. లారీ లారీకీ తేమ మారుతుంది, ఒక బీవోఎం దానికి పట్టదు. పచ్చి ధాన్యం, ఎండు ధాన్యం అని రెండు ఐటమ్‌లు చేసి, రీప్యాక్ ఎంట్రీతో (ఒక ఐటమ్‌ను తగ్గించి మరో ఐటమ్‌ను పెంచేది) ఒకదాని నుంచి మరొకదానికి మార్చండి. 17 శాతం తేమ నుంచి 14కు దింపితే 3 శాతమే తరుగని రాస్తే తప్పు. తేమ పోగా మిగిలే 83ని (100లో 17 తీసేస్తే) 86తో (100లో 14 తీసేస్తే) భాగించి గుణించాలి: 300 క్వింటాళ్లు 289.5 అవుతాయి, తరుగు 10.5. 3 శాతం లెక్కన 291 వేసుకున్నవాళ్లకు ప్రతి లాటుకూ క్వింటాలున్నర లేని ధాన్యం పోగవుతుంది.

ఉపసరుకుల ధర కూడా చూడండి. 15వ వెర్షన్‌లో బీవోఎం స్క్రాప్ ఐటమ్స్ పట్టికలో తవుడు, నూకలు, ఊకలకు రేటు వేయకపోతే ధాన్యం ఖరీదంతా బియ్యం మీదే పడుతుంది. తర్వాత తవుడు అమ్మిన సొమ్మంతా లాభంగా కనిపిస్తుంది. ఉప్పుడు బియ్యం ఆడేవాళ్లయితే బాయిలర్లో కాలే ఊకకు మెటీరియల్ ఇష్యూ (స్టాకు నుంచి తీసేసే ఎంట్రీ) రాయాలి, లేదంటే పుస్తకంలో ఊక కొండలా పెరుగుతుంది.

యూనిట్ ఎప్పుడూ కిలోయే ఉంచండి. బస్తాను అదనపు యూఓఎంగా (కొలత యూనిట్‌గా) పెట్టండి, ఒక్కో బస్తాకు కిలోలు ఇలా: ధాన్యానికి 75, బియ్యానికి 26. (26 ఎందుకంటే, 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసిన ప్యాక్‌కు 5 శాతం జీఎస్టీ.) స్టాక్ యూనిట్టే బస్తా అయితే ఏ బస్తానో ఎవరికీ తెలియదు. ఎంటీయూ 7029, 1121 లాంటి వేర్వేరు వరి రకాల్ని ఒకే ఆర్డర్‌లో కలపకండి, బ్యాచ్ వేరు చేయండి. ప్రభుత్వానికి ఆడే కస్టమ్ మిల్లింగ్ ధాన్యానికి గోడౌన్ కూడా వేరే ఉండాలి. అక్కడ 100కు పచ్చిబియ్యం 67, ఉప్పుడు బియ్యం 68 అప్పగించాలి కాబట్టి, సొంత లాటు తూకాలు అందులో కలిస్తే ఎవరి బాకీ ఎంతో తేలదు.

ఇప్పుడున్న 13.6 సంగతి. ఆ బియ్యం ఇంకా అమ్మకపోతే మానుఫాక్చర్ ఎంట్రీ క్యాన్సిల్ చేసి, అమెండ్‌లో (సవరించిన కాపీలో) తూకాలు దిద్ది మళ్లీ సబ్మిట్ చేయండి. అమ్మేసి ఉంటే స్టాక్ నెగటివ్ అవుతుందని క్యాన్సిల్ ఒప్పుకోదు. నెగటివ్ స్టాక్ అనుమతి మాత్రం ఆన్ చేయకండి, ఒక తప్పు దిద్దబోయి రేట్లన్నీ చెడతాయి. అమ్మేసి ఉన్నప్పుడు డబ్ల్యుఐపీ నుంచి 13.6కు మెటీరియల్ ఇష్యూ రాసి, ఎక్కువ తూగిన నూకల్ని మెటీరియల్ రిసీట్‌తో లోపలికి తెచ్చుకోండి. రెండింటికీ ఒకే సర్దుబాటు ఖాతా ఇవ్వండి. ఆ లాటు బియ్యం ధర కొంచెం తక్కువగానే నిలిచిపోతుంది, తేడా ఆ ఖాతాలో కనిపిస్తుంది.